నాన్నకి ఏ హెల్త్ వీడియో నమ్మమని చెప్పాలి?

బ్రాడీపేట బుజ్జి

అందరికీ నమస్తే. మా నాన్నగారికి 66 ఏళ్ళు, గుంటూరులోనే ఉంటారు. పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగు, ఇంటికొచ్చి టిఫిన్ అయ్యేదాకా యూట్యూబులో డాక్టర్ల వీడియోలు. బీపీ మాత్ర తప్ప ఏమీ లేదు, గుండె జబ్బు అసలే లేదు. అలాంటిది యాభై దాటిన ప్రతివాళ్ళూ వేసుకోవాలని ఏదో వీడియోలో విని, వాకింగు బ్యాచీ కూడా వంత పాడేసరికి, రోజూ రాత్రి ఎకోస్ప్రిన్ 75 అనే ఆస్పిరిన్ మాత్ర మొదలెట్టారు. మొన్న ఇంకో వీడియోలో అస్సలు వద్దన్నారట! ఇద్దరూ తెల్లకోటు వాళ్ళే, ఇద్దరి వెనకా గోడ నిండా సర్టిఫికెట్లే. ఇప్పుడు ఏది నిజమని నన్ను అడుగుతున్నారు, నేనేమో బీకాం. పాతబడని, నమ్మదగ్గ సమాచారం ఎక్కడ దొరుకుతుంది? ఆయనకి మెడికల్ డాక్యుమెంటరీలన్నా పిచ్చి, మంచివి ఉంటే అవీ చెప్పండి.

సూర్యారావుపేట పీజీ

ఆ రెండు వీడియోలు ఎప్పుడు పెట్టారో చూడండి, సగం గొడవ అక్కడే తేలిపోతుంది. ఒకప్పుడు ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ రాసిన డాక్టర్లు చాలామందే. 2018లో యాస్ప్రీ, అరైవ్, అసెండ్ అని మూడు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. గుండె జబ్బు లేనివాళ్ళకి దానివల్ల లాభం లేదనో, ఉన్న కాస్తా లోపలి రక్తస్రావాలతో చెల్లుకు చెల్లు అయిపోతోందనో తేలింది. 2022లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, అంటే జబ్బులు రాకుండా ఏం చేయాలో సలహాలిచ్చే నిపుణుల బృందం, 60 దాటినవాళ్ళు కొత్తగా మొదలుపెట్టొద్దని చెప్పేసింది. స్టెంట్ పడినవాళ్ళ సంగతి, ఒకసారి హార్ట్ ఎటాకో పక్షవాతమో వచ్చినవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. వాళ్ళెవరైనా ఇది చదివి మాత్ర ఆపేస్తే కొంప మునుగుతుంది, దయచేసి ఆ పని చేయకండి. మీ నాన్నగారి విషయం కూడా బీపీ చూసే డాక్టరే తేల్చాలి. విరేచనం తారులా నల్లగా అవుతోందేమో మాత్రం ఇవాళే అడగండి, అవుతుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా తీసుకెళ్ళండి.

చదువుకోడానికైతే మెడ్‌లైన్‌ప్లస్. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడుపుతుంది, ప్రకటనలు ఉండవు, వ్యాసం కింద ఎప్పుడు సరిచూశారో తేదీ ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ సైటు ఇంకా తేలిక భాషలో ఉంటుంది. ఒక మందు మీద మొత్తం పరిశోధనలన్నీ కలిపి ఏం చెబుతున్నాయో కావాలంటే కోక్రేన్ సారాంశాలు, మామూలు జనం కోసం రాసినవి, డబ్బు కట్టక్కర్లేదు. పబ్‌మెడ్ అని పరిశోధన పత్రాల సైటు ఉంది, దాని జోలికి ఇప్పుడే వెళ్ళనివ్వకండి, ఎలుకల మీద చేసిన ప్రయోగం చదివి మందు మార్చుకున్నవాళ్ళున్నారు.

పటమట ఫార్మసీ ఆంటీ

బాబూ, పీజీ గారు చెప్పిన సైట్లు మంచివే, కానీ మనవాళ్ళు తికమకపడేది ఇంకో చోట. డోలో అని కొడితే అక్కడేం రాదు. స్ట్రిప్ తిప్పి చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చూడాలి. అదీ పారాసెటమాల్ అంటే బ్రిటన్ సైటులోనే, అమెరికా వాళ్ళు ఎసిటమినోఫెన్ అంటారు. షుగరు అంకెలూ అంతే. మనకి పరగడుపున 126 దాటితే డయాబెటిస్ అంటాం, ఎన్‌హెచ్‌ఎస్‌లో అదే 7 అని ఉంటుంది. వాళ్ళ కొలత వేరు, 18తో గుణిస్తే మన లెక్కకి వస్తుంది. "నాకు 140 ఉందేంటమ్మా, అక్కడ 7 అని రాశారు" అని కంగారుపడి కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళు.

తెలుగు కావాలంటే ఫోనులో పేజీని అనువాదం చేసుకోవచ్చు, అర్థమవుతుంది. డోసు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంగ్లీషు పేజీయే చూడండి, ఒక్క "కాదు" ఎగిరిపోయినా ప్రమాదం. తిండి విషయాలకి మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళు 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చారు, జొన్నలూ పప్పులూ తినే మనుషుల కోసం రాసినవి. ఇక షుగరు పూర్తిగా నయం చేస్తామన్న ప్రకటన కనబడిందా, ఆ వీడియో అక్కడే కట్టేయండి. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం అలాంటి ప్రకటన ఇవ్వడమే నేరం.

కృష్ణలంక రాత్రి షో

డాక్యుమెంటరీల సంగతి నాకొదిలేయండి. 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్', క్యాన్సర్ చరిత్ర, 2015లో అమెరికా టీవీ సంస్థ పీబీఎస్ వాళ్ళది, మూడు భాగాలు. రక్తక్యాన్సర్ పిల్లలకి మొదటిసారి మందు పనిచేసిన కథ చూస్తున్నప్పుడు నాన్నగారికి చెప్పండి, ఆ అమినోప్టెరిన్ తయారైంది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల్లోనని. చరిత్రకైతే ఇప్పటికీ దానికి తిరుగులేదు, చికిత్సల భాగం మాత్రం పాతబడింది, ఇంట్లో ఎవరికైనా జబ్బుంటే అందులోది చూసి ఆశపడటమో భయపడటమో వద్దు. 'ఫైర్ ఇన్ ది బ్లడ్' కూడా చూపించండి. ఏడాదికి పదివేల డాలర్లు దాటిన ఎయిడ్స్ మందుల్ని 2001లో మన మందుల కంపెనీ సిప్లా 350 డాలర్లకే ఇస్తామనడం, ఆ వెనక జరిగిన పోరాటం, భలే ఉంటుంది.

'వాట్ ది హెల్త్' జోలికి మాత్రం వెళ్ళొద్దు. రోజుకో గుడ్డు తినడం ఐదు సిగరెట్లు కాల్చినంత చెడ్డదన్నారు అందులో. శాకాహారం మంచిదే, కానీ ఆ లెక్క తప్పని చాలామంది నిపుణులు ఉతికి ఆరేశారు. సంగీతం మరీ భయపెట్టేదిగా ఉండి, అన్ని జబ్బులకీ ఒకటే శత్రువుని చూపిస్తుంటే నాకు అనుమానమే.

బ్రాడీపేట బుజ్జి

అందరికీ థాంక్స్. నల్లగా ఏమీ లేదట, అడిగితే కోప్పడ్డారు కూడా. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఆ డాక్టరు గారు గూగుల్ అన్న మాట వింటేనే మండిపడతారు, అదే టెన్షన్.

పటమట ఫార్మసీ ఆంటీ

గూగుల్ ఊసెత్తకండి, వీడియో చూపించకండి. "నాకు గుండె జబ్బు లేదు కదా సార్, ఇది అవసరమా" అని నాన్నగారి చేతే అడిగించండి. మోకాళ్ళ నొప్పికి కొనుక్కున్న మాత్రలేమైనా ఉంటే ఆ స్ట్రిప్పులు కూడా సంచిలో వేసుకెళ్ళండి, ఐబుప్రొఫెన్ లాంటివి ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, అడక్కపోతే మగవాళ్ళు చెప్పరు.