అమ్మానాన్నలతో ఆర్మీనియా, ఏడు రోజులు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

వేళచ్చేరి_వాన:
నమస్తే అండి. సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలని ఆర్మీనియా తీసుకెళ్దామని ఉంది. ఆ దేశమే ఎందుకంటే, నాన్న ఇక్కడ చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర ఆర్మీనియన్ స్ట్రీట్‌లో ఒక ఆఫీసులో 26 ఏళ్లు పనిచేశారు, రిటైరయ్యాక "ఆ వీధికి పేరిచ్చినవాళ్ల ఊరెట్లా ఉంటుందో చూడాలిరా" అని పట్టుకున్నారు, ఇక వదలడం లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. ఇద్దరూ శాకాహారులు. ట్రావెల్స్ వాళ్లిచ్చిన ప్లాన్‌లో రోజుకి నాలుగు మఠాలు, చివర రెండు రోజులు జార్జియా కూడా ఉన్నాయి. చదువుతుంటే నాకే ఆయాసం వస్తోంది. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

పోరూర్_పెసరట్టు:
ముందు జార్జియా కొట్టేయండి. పోయినసారి మేమూ ఇలాగే ఒక ఏజెంటుని నమ్మి ఒక్క రోజులో ఆరు చోట్లు తిరిగాం, ఇప్పుడు ఫోటోలు తీస్తే ఏ గుడి ఎక్కడిదో మా ఆవిడకీ నాకూ రోజూ వాదనే.

రాజధాని యెరెవాన్‌లోనే గది తీసుకుని రోజూ పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. దేశం చిన్నది, చాలావాటికి అది సరిపోతుంది. గార్నీ, గెఘార్డ్ ఒకే దారిలో ఉంటాయి, ఆ రోజుకి ఇంకేం పెట్టుకోకండి. గార్నీ గుడి క్రైస్తవం రాకముందుది, 1679 భూకంపంలో కూలిపోతే ఆ రాళ్లతోనే 1970ల్లో మళ్లీ నిలబెట్టారు, కొత్తగా చెక్కిన రాళ్లు రంగు తేడాతో తెలిసిపోతాయి. గెఘార్డ్ మఠమైతే కొండనే లోపలికి తొలిచి కట్టారు. మన ఎల్లోరా చూసినవాళ్లకి అది వెంటనే అర్థమవుతుంది. లోపల ఒక గదిలో రాతిలోంచి ఊట నీళ్లు వస్తూ ఉంటాయి, చీకట్లో ఆ చప్పుడు వింటూ పావుగంట కూర్చున్నాం, మొత్తం ట్రిప్పులో నాకు గుర్తున్నది అదే.

ఖోర్ విరాప్ మఠానికి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే మసక కమ్ముతుంది. ఎదురుగా కనిపించే అరారత్ 5,137 మీటర్లు, వాళ్ల మనసంతా ఆ కొండ మీదే, కానీ అది ఉన్నది సరిహద్దుకి అవతల టర్కీలో. అక్కడ గ్రెగరీ అనే సాధువుని 13 ఏళ్లు బంధించారని చెప్పే గొయ్యి ఉంది, ఇరుకు ఇనుప నిచ్చెన. అమ్మగారిని దింపకండి. నొరావాంక్ మఠంలో పై అంతస్తుకి గోడ బయట రాతి మెట్లు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, నేనే సగంలో దిగొచ్చేశా. కింద నుంచి ఎర్ర కొండల్ని చూస్తే చాలు.

తాతెవ్ ఒక్కటి దూరం, రోడ్డు మీదే నాలుగు గంటలు పైన. కానీ లోయ మీదుగా 5.7 కిలోమీటర్ల రోప్‌వే ఉంది కాబట్టి అమ్మగారు మెట్లెక్కకుండా మఠం దాకా వెళ్లగలరు. దగ్గర్లోని గోరిస్ ఊళ్లో ఒక రాత్రి ఉండండి, అదే రోజు తిరిగిరావాలంటే నడుం విరుగుతుంది.

తాంబరం_తాతయ్య:
మా మనవడు యెరెవాన్‌లోనే ఎంబీబీఎస్ చదువుతున్నాడు, మేం నెల రోజులుండి వచ్చాం. తిండి గురించి టెన్షన్ వద్దమ్మా. జింగ్యలోవ్ హాత్స్ అని పది పదిహేను రకాల ఆకుకూరలు సన్నగా తరిగి పిండిలో మూసి కాలుస్తారు, మీ అమ్మకి నచ్చి తీరుతుంది. తాన్ అంటే ఉప్పేసిన మజ్జిగే. తోల్మా అడిగితే మాంసం వస్తుంది, పసుత్స్ తోల్మా అనండి, పప్పులూ బీన్సూ పెట్టి క్యాబేజీ ఆకులో చుడతారు. ఊరగాయ మాత్రం పట్టుకెళ్లండి.

ఊళ్లో కాస్కేడ్ అని పెద్ద మెట్ల వరస ఉంది, భయపడకండి, లోపల ఎస్కలేటర్లున్నాయి. మతెనదారాన్ తప్పకుండా చూడండి, పాత చేతిరాత పుస్తకాల నిలయం. 28 కిలోల పుస్తకం ఒకటుంది, 1915లో టర్కీలో ఆర్మీనియన్ల మీద జరిగిన మారణకాండలో ఇద్దరు ఆడవాళ్లు దాన్ని రెండుగా చేసి చెరో సగం మోసుకొచ్చారు. వాళ్ల సొంత లిపి క్రీ.శ. 405లో పుట్టిందని చిన్నపిల్లలు కూడా చెప్తారు. సెవాన్ సరస్సు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, స్వెట్టర్లు పెట్టుకోండి.

సౌకార్పేట_సుబ్బు:
నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఆ వీధికి తమిళంలో అరణ్మనైక్కారన్ తెరు అని పేరు, ఆర్మేనియన్ కాస్తా నోళ్లలో నలిగి అరణ్మనై, అంటే రాజభవనం అయిపోయింది. ఆయనకి తెలిసే ఉంటుందిలెండి. కానీ ప్రపంచంలోనే మొదటి ఆర్మీనియన్ పత్రిక అజ్దారార్ 1794లో అచ్చయింది ఇక్కడే, మన మద్రాసులో. దాన్ని నడిపిన ఫాదర్ సమాధి ఆ వీధిలోని 1772 నాటి ఆర్మీనియన్ చర్చి ఆవరణలోనే ఉంది. విమానం ఎక్కేముందు ఒకసారి అక్కడికి వెళ్లిరండి.

వేళచ్చేరి_వాన:
అందరికీ థాంక్స్ అండి. జార్జియా తీసేశా, గోరిస్‌లో ఒక రాత్రి పెట్టా. సుబ్బుగారూ, మీ మెసేజ్ నాన్నకి చదివి వినిపించా. 26 ఏళ్లు ఆ చర్చి గేటు ముందు నుంచే టీకి వెళ్లాడట, ఒక్కసారి కూడా లోపలికి అడుగు పెట్టలేదట. రేపు పొద్దున బీచ్ స్టేషన్ దాకా ట్రైన్‌లో వెళ్దామంటున్నాడు. తాతయ్యగారూ, ఊరగాయ చెకిన్ బ్యాగులో సీసాతో పెట్టొచ్చా, ప్యాకెట్టే మేలా?