విదేశాల్లో సంక్షోభం వచ్చినప్పుడు విశ్వవిద్యాలయం మాట్లాడాలా, ఊరుకోవాలా?

ప్రశ్న:
2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలైన కొద్ది రోజులకే హార్వర్డ్ ప్రాంగణంలో ఉక్రెయిన్ జెండా ఎగిరింది. ఆ దేశ ప్రజల పక్షాన నిలుస్తున్నామని విశ్వవిద్యాలయ అధ్యక్షుడే ప్రకటించారు. గాజా యుద్ధం వచ్చేసరికి ఏ ప్రకటన చేసినా ఇరుపక్షాలూ తప్పుపట్టాయి. చివరకు 2024 మేలో, తన విద్యా కార్యకలాపాలతో నేరుగా సంబంధం లేని విషయాలపై అధికారిక ప్రకటనలు చేయబోనని అదే సంస్థ నిర్ణయించుకుంది. ఇది తటస్థతా, లేక తప్పించుకోవడమా?

మొదటి సమాధానం:
సంస్థ తటస్థంగా ఉండాలన్న వాదానికి మూలం వియత్నాం యుద్ధకాలంలో, 1967లో, చికాగో విశ్వవిద్యాలయం వెలువరించిన కాల్వెన్ నివేదిక. విమర్శించే హక్కు అధ్యాపకులకూ విద్యార్థులకూ ఉంటుందనీ, సంస్థే ఒక పక్షం వహిస్తే భిన్నాభిప్రాయం ఉన్నవారికి అక్కడ చోటు ఇరుకవుతుందనీ దాని సారాంశం. చికాగో ఈ మాటకు కట్టుబడి, సూడాన్‌లోని డార్ఫర్ మారణకాండ విషయంలో కూడా, ఆ దేశంతో వ్యాపారం చేసే కంపెనీల నుంచి తన పెట్టుబడులను ఉపసంహరించుకోవడానికి 2007లో నిరాకరించింది. హార్వర్డ్‌లో కొరవడింది ఆ నిలకడే: ముందు జెండా ఎగరేసి, ఇబ్బంది ఎదురయ్యాక నియమం పెట్టుకుంది.

రెండో సమాధానం:
అలాంటి కంపెనీల షేర్లు అట్టిపెట్టుకోవడం కూడా ఒక పక్షం వహించడమే కదా. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష విషయంలో విద్యార్థుల ఒత్తిడితో 1985లో కొలంబియా విశ్వవిద్యాలయం, 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉపసంహరణకు ఒప్పుకున్నాయి. ఆ నిర్ణయం వల్ల వాటి చదువులేమీ చెడలేదు.

మూడో సమాధానం:
ప్రకటనల గురించి ఇంత చర్చ అవసరమా అనిపిస్తుంది. 1933లో నాజీలు ఆచార్యులను కొలువుల నుంచి వెళ్లగొట్టినప్పుడు, బ్రిటన్‌లో ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ చొరవతో ఏర్పడిన సహాయ మండలి, భౌతికశాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ అధ్యక్షతన విరాళాలు పోగుచేసి, వచ్చినవారికి భృతీ, పని చేసుకునే చోటూ చూపించింది. మన దేశానికీ అలాంటి అవకాశం వచ్చింది. గాటింగెన్‌లో పదవి పోగొట్టుకున్న భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌ను 1935లో సి.వి. రామన్ బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు రప్పించి, శాశ్వత ఆచార్య పదవి ఇప్పించాలని చూశారు. సొంత దేశం తరిమేసిన రెండో శ్రేణి విదేశీయుడు మనకెందుకని ఇంగ్లండుకు చెందిన ఒక ఆచార్యుడు నిండుసభలో అడ్డుపడ్డాడని బోర్న్ స్వయంగా రాసుకున్నారు. ఆయన 1936లో ఎడిన్‌బరో వెళ్లిపోయారు. 1954లో నోబెల్ అందుకున్నారు.

ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చిన మన వైద్య విద్యార్థులకూ అటువంటి అనుభవమే ఎదురైంది, వీరిలో తెలుగు పిల్లలు కూడా చాలామందే ఉన్నారు. పాఠాలు ఆన్‌లైన్‌లో విన్నా, రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవలసినది ఫోన్‌లో రాదు. ఇక్కడి కళాశాలల్లో చేర్చుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవని 2022లో కేంద్రం చెప్పింది. ఆ సెప్టెంబరులో వేరే దేశాల విశ్వవిద్యాలయాల్లో చదువు కొనసాగించుకోవడానికి మాత్రం జాతీయ వైద్య కమిషన్ అనుమతించింది. ఆ ఖర్చు తల్లిదండ్రుల నెత్తిన పడింది. కాబట్టి ఏ విశ్వవిద్యాలయాన్నైనా నేను అడిగేది జెండా గురించి కాదు. ఎన్ని సీట్లు ఇచ్చారు, ఫీజు గడువు ఎంత పెంచారు, అప్పటికే చదివినదానికి వచ్చిన క్రెడిట్లను లెక్కలోకి తీసుకున్నారా అన్నదే.