బిలియన్‌కి తెలుగు మాట ఏది? అర్బుదం పనికొస్తుందా?

విజయవాడ నుంచి, ప్రశ్న:
నమస్కారం అందరికీ. నేను వార్తల అనువాదం చేస్తుంటాను. మొన్న ఒక వార్తలో 1.2 బిలియన్ డాలర్లని 12 కోట్ల డాలర్లు అని రాసేశారు. రావాల్సింది 120 కోట్లు, సున్నా ఒకటి ఎగిరిపోయింది. ఎవరూ గమనించినట్టు కూడా లేదు. బిలియన్‌కి మనకంటూ ఒక మాట ఉంటే ఈ గొడవే ఉండదు కదా అనిపిస్తోంది. హిందీవాళ్లు హాయిగా అరబ్ అంటున్నారు, దానికి మూలమైన అర్బుదం మన నిఘంటువుల్లోనూ ఉంది. వాడుకలోకి తెస్తే తప్పేంటి?

గుంటూరు నుంచి, జవాబు:
తప్పేం లేదండీ, కాకపోతే ఏ అర్బుదం అన్నది ముందు తేల్చుకోవాలి. భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతిలో కోటి తర్వాతి మెట్టే అర్బుదం, అంటే పది కోట్లు. మరో పాతకాలపు గణితవేత్త మహావీరాచార్యుడి లెక్క వేరు, ఆయన కోటి, దశకోటి, శతకోటి అన్నీ దాటాక గానీ అర్బుదం దగ్గరికి రాడు, అక్కడది వెయ్యి కోట్లు (మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఈయన గణితాన్నే). మీరు చెప్పిన హిందీ అరబ్ ఈ రెంటికీ మధ్యలో, వంద కోట్లు. పుట్టింది ఒకే మాట, విలువలు మూడు! ఖర్వం కథా అంతే. లీలావతిలో వెయ్యి కోట్లు, మహావీరుడి దగ్గర లక్ష కోట్లు, హిందీ ఖరబ్ అయితే పదివేల కోట్లు. ఒక్క సున్నా ఎగిరిపోయిందని మీరు బాధపడుతున్నారు, ఇక్కడ రెండేసి సున్నాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

పైగా అర్బుదం అంటే ఇవాళ కణితి. బడ్జెట్ వార్తలో ఇన్ని అర్బుదాలు అని రాస్తే జనం ఆరోగ్యశాఖ పద్దు అనుకుంటారు.

బిలియన్ మాత్రం ఏమన్నా నికరమైన మాటా అంటే అదీ కాదు. ఇంగ్లండులో చాలాకాలం బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, అంటే మన లక్ష కోట్లు. వంద కోట్లనే బిలియన్‌గా లెక్కపెడతామని వాళ్ల ప్రభుత్వం ఖాయం చేసుకున్నది 1974లో. జర్మన్‌లో ఇప్పటికీ వంద కోట్లకి మిలియార్డె అనే వేరే మాట ఉంది, వాళ్ల బిలియన్ మన లక్ష కోట్లే. కాబట్టి పాత ఇంగ్లిష్ పుస్తకం గానీ జర్మన్ కాగితం గానీ తెలుగు చేసేటప్పుడు బిలియన్ కనపడగానే 100తో గుణించేయకండి.

మన వాడుక కోటి దగ్గర ఆగింది, ఆగి కోటినే కొలతగా పెట్టుకుంది. వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు. నాకైతే ఇందులో లోటేమీ కనపడదు. మిలియన్లని 10తో భాగిస్తే కోట్లు, బిలియన్లని 100తో హెచ్చవేస్తే కోట్లు, ట్రిలియన్‌కైతే లెక్కే అక్కర్లేదు, అది నేరుగా లక్ష కోట్లు. మన రాష్ట్ర 2025-26 బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, ఇంగ్లిష్‌లో 3.22 ట్రిలియన్ రూపాయలు. కేంద్రానిది 50.65 లక్షల కోట్లు, అక్కడా 50.65 ట్రిలియనే. అంకె కదలదు, పక్కనున్న మాట మారుతుంది అంతే.

విజయవాడ నుంచి:
సరే, అర్బుదం వదిలేశాను. మరి మిలియన్, బిలియన్ అనే తెలుగు లిపిలో పెట్టేస్తే? అందరికీ తెలిసిన మాటలేగా. యూట్యూబ్ పుణ్యమా అని మిలియన్ వ్యూస్ అంటే ఏంటో మా అమ్మక్కూడా తెలుసు.

గుంటూరు నుంచి:
వ్యూస్‌కి సరే, అక్కడ మిలియన్ పాతుకుపోయింది. తమాషా ఏంటంటే ఒకే సినిమాకి పాట వ్యూస్ మిలియన్లలో, ఇక్కడి వసూళ్లు కోట్లలో, అమెరికా వసూళ్లు మళ్లీ మిలియన్లలో చెప్పుకుంటాం, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. కానీ వార్తలో పెట్టేటప్పుడు ఒకటి చూడండి. లక్ష, కోటి మన వ్యాకరణంలో కలిసిపోయిన మాటలు. లక్షన్నర అంటాం, కోటిన్నర అంటాం, లక్షన్నర కోట్లు అని కూడా అనేస్తాం. మిలియనున్నర అని ఎవరన్నా అనగా విన్నారా? లక్షలాది, కోట్లాది ఉన్నాయి, బిలియన్లాది లేదు. లక్షాధికారి ఉన్నాడు, కోటికి పడగెత్తినవాడు ఉన్నాడు.

అనువాదంలో అసలు చిక్కు కచ్చితమైన అంకెల దగ్గర కాదు, ఉజ్జాయింపుల దగ్గర వస్తుంది. ఇంగ్లిష్‌లో హండ్రెడ్స్ ఆఫ్ థౌజండ్స్ అని ఉంటే 'వందల వేల మంది' అని దించేస్తున్నారు, అది లక్షలాది మంది. టెన్స్ ఆఫ్ మిలియన్స్ అంటే 'పదుల మిలియన్లు' కాదు, కోట్లాది. హాఫ్ ఎ మిలియన్ అంటే అయిదు లక్షలు, అర మిలియన్ అని రాస్తే చదివేవాడు అక్కడే ఆగిపోతాడు. ఓవర్ ఎ మిలియన్ అన్నదానికి 'పది లక్షల పైచిలుకు' ఎంత చక్కగా కుదిరిందో చూడండి, దాన్నే 10,00,000 కంటే ఎక్కువ అని సున్నాలన్నీ పేరిస్తే ఎవరో తలలు లెక్కపెట్టి వచ్చినట్టుంటుంది.

కామాలతో కూడా జాగ్రత్త. వాళ్లది మూడేసి అంకెలకి, మనది మొదట మూడు, తర్వాత రెండేసి. 1,200,000 చూసి తొందరలో కోటీ ఇరవై లక్షలు అనేసేవాళ్లున్నారు. కామాలన్నీ తీసేసి మన పద్ధతిలో మళ్లీ పెట్టుకుంటే 12,00,000, ఇక పొరబాటుకి తావుండదు.

మరో సభ్యుడు, విజయవాడ నుంచే:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నీళ్ల లెక్కల్లో ఈ బిలియన్ మనకి ఎప్పటినుంచో ఉంది, పేరే మారువేషంలో ఉంది. టీఎంసీలో టీ ట్రిలియన్ అనుకుంటారు కొందరు. కాదు, థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్, అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. లీటర్లలో చెప్పమంటే సుమారు 2,830 కోట్లు. ఇక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపు అడుగు, రోజుకి 86,400 సెకన్లు, కాబట్టి దాదాపు 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది కదా, అదే పోటుతో రోజంతా వస్తే దగ్గర దగ్గర 99 టీఎంసీలు. బ్యారేజీలో పట్టేదేమో మూడు టీఎంసీల చిల్లర! అంటే ముప్పావుగంటకోసారి బ్యారేజీ నిండేంత నీరు. ఆ రోజుల్లో టీవీలో లక్షల క్యూసెక్కులు అని గంటగంటకీ వింటూనే ఉన్నాం, ఈ ముప్పావుగంట లెక్క వేసుకున్నాక గానీ నాకు అది ఎంతో తెలియలేదు.

గుంటూరు నుంచి:
ఇదండీ కావాల్సింది. మా మిర్చి యార్డులోనూ ఇంతే, లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయంటే ఇక్కడ ఎవరికైనా కళ్లముందు కనపడుతుంది. టిక్కీ 45 కిలోలు వేసుకుంటే అది 45 లక్షల కిలోలు, అంటే 4,500 టన్నులు. ఎగుమతి కాగితంలో దాన్నే 4.5 మిలియన్ కిలోలు అంటారు. ఆ కాగితం తెలుగులో రాయాల్సి వస్తే నేనైతే టన్నుల్లో రాసి, పక్కన లక్ష టిక్కీలని కూడా పెడతాను.

విజయవాడ నుంచి:
బాగుందండీ. అయితే నా వార్తలో 120 కోట్ల డాలర్లు. డాలరు 85 రూపాయలు అనుకుంటే 10,200 కోట్ల రూపాయలు. రెండూ రాయాలా, ఒకటి చాలా?

గుంటూరు నుంచి:
రెండూ రాయండి. మారకం రేటు ఏ రోజుదో కూడా చెప్పండి, లేకపోతే నెల తిరిగాక ఎవరో వచ్చి మీ లెక్క తప్పంటారు. 'సుమారు' మర్చిపోవద్దు.