పిండంలో పొరలు విడిపోవడానికి జిగురొక్కటే కారణమా?

పాలమూరు ఎమ్మెస్సీ:
మొన్న మహబూబ్‌నగర్‌లో మా సెమినార్‌లో నాకు నాడీనాళం (పిండంలో మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం) టాపిక్ పడింది. వీపు మీది పొర ముడుచుకుని గొట్టంలా మారి, పై చర్మం నుంచి తెగి లోపలికి పోతుంది కదా. చర్మం కణాల మీద ఇ-క్యాడ్‌హెరిన్, నాళం కణాల మీద ఎన్-క్యాడ్‌హెరిన్ అనే జిగురు ప్రొటీన్లు ఉంటాయి, ఏ రకం ఆ రకాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి విడిపోతాయని చెప్పిన. వెనక కూర్చున్న ఒక సార్ "అది పాత కథమ్మా" అని నవ్వి ఊరుకున్నారు. ఎందుకు పాతదో చెప్పలేదు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

నల్లగొండ జువాలజీ:
పాతదైతే తప్పయిపోతుందా తల్లీ? 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచరాల పిండాన్ని కణాలుగా విడగొట్టి కలగలిపేశారు. అవి మళ్ళీ వెతుక్కుని ఏ పొరకా పొర సర్దుకున్నాయి. పచ్చిపులుసు మీద పోపు నూనె చూడు, చిన్న బొట్లు కలిసి పెద్ద బొట్టవుతాయి. కణాలూ అంతేనని, గట్టిగా అతుక్కునేవి లోపలికి చేరతాయని 1963లో స్టైన్‌బర్గ్ అన్నాడు. 1988లో టకేచీ బృందం ఎలుక కణాల్లో కొన్నిటికి ఇ, కొన్నిటికి పి-క్యాడ్‌హెరిన్ ఇచ్చి కలిపితే వేర్వేరు గుంపులు కట్టాయి. ఇంతకన్నా ఏం కావాలి? మా ల్యాబ్‌లో 33 గంటల కోడిపిండం స్లైడు ఉంది. నాళానికీ పై పొరకీ మధ్య దారప్పోగంత తెల్లటి సందు. చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది.

దేవరకొండ పరిశోధకుడు:
సార్, సందు కనబడుతుంది, సందుకు కారణం స్లైడులో కనబడదు గదా. నూనె బొట్టు తనంతట తాను బిగుసుకోదు. కణం బిగుసుకుంటుంది, దాని పొర కింద యాక్టిన్, మయోసిన్ అనే లాగి బిగించే ప్రొటీన్లు ఉన్నాయి. 2008లో జీబ్రాచేప కణాలతో చేసిన పనిలో బహిస్త్వచం (పిండం బయటి పొర) కణాలకు అతుక్కునే బలం తక్కువ, బిగువు ఎక్కువ. స్టైన్‌బర్గ్ లెక్కన అవి బయట ఉండాలి. గిన్నెలో కలిపితే లోపలికి పోయాయి! మయోసిన్‌ను ఆపేస్తే ఆ విడిపోవడమే సరిగ్గా జరగలేదు. ఇక కప్ప పిండంలో బహిస్త్వచం, మధ్యస్త్వచం (మధ్య పొర) హద్దు దగ్గర ఎఫ్రిన్లు అనే కణాల మీది ప్రొటీన్లు, వాటి గ్రాహకాలు ఎదురుపడి కణాల్ని వెనక్కి నెడతాయి. కణాలు అతుక్కుంటాయి, ఊడతాయి, మళ్ళీ అతుక్కుంటాయి. ఇది జిగురు కాదు, తోపులాట.

మిర్యాలగూడ మిల్లు:
నేను బీఎస్సీ చేసి బియ్యం అమ్ముకునేవాణ్ణి, తప్పయితే మన్నించండి. రెండు గోనెసంచుల మూతులు కలిపి కుడితే, ఒకదాన్ని లాగితే రెండోది కదులుతుంది. కుట్టు తెగితే ఎంత లాగినా లాభం లేదు. మీ జిగురు ఆ కుట్టు లాంటిదా?

దేవరకొండ పరిశోధకుడు:
అన్నా, సరిగ్గా అదే! 2012లో మెత్ర్ అనే శాస్త్రవేత్త బృందం చూపింది కూడా దాదాపు ఇదే. క్యాడ్‌హెరిన్ రెండు కణాల బిగువు పొరల్ని ఒకదానికొకటి ముడేస్తుంది. అతుకు బలం నేరుగా చేసే పని తక్కువ.

నల్లగొండ జువాలజీ:
అయితే కుట్టు లేకుండా మీ బిగువూ పనిచేయదన్నమాట. నేను చెప్పిందీ అదే కదయ్యా!

పాలమూరు ఎమ్మెస్సీ:
కాదు సార్, మీరు జిగురొక్కటే అన్నారు. కానీ దేవరకొండ అన్నకూ ఒక ప్రశ్న. గిన్నెలో బహిస్త్వచం లోపలికి పోతే, అసలు చేప పిండంలో అది బయటే ఉంటుంది గదా? అంటే గిన్నె చెప్పేది కూడా మొత్తం కథ కాదు. పైగా కప్ప పిండంలో చర్మం కావాల్సిన కణాలకు ఎన్-క్యాడ్‌హెరిన్ ఎక్కిస్తే, చర్మానికీ నాళానికీ మధ్య హద్దు సరిగ్గా ఏర్పడలేదని 1990లోనే చూశారు. ఆ రకం తేడాకు పనే లేకపోతే అది చెడిపోవద్దు గదా.

దేవరకొండ పరిశోధకుడు:
ఇక్కడ దొరికిపోయిన చెల్లీ. పిండంలో పైన ఇంకో కవచపు పొర, కింద సొన ఉంటాయి. అవి కణాల్ని పట్టి ఉంచుతాయి, గిన్నెలో అవి లేవు. కప్ప సంగతి మాత్రం నేను చదివి వచ్చి చెప్తా.

నల్లగొండ జువాలజీ:
చదివి రా. అమ్మా, వచ్చే సోమవారం మా ల్యాబ్‌కు వస్తే ఆ స్లైడు చూపిస్తా. ఆ నవ్విన సార్‌ను కూడా తీసుకురా.