బోల్టు తల ఊడింది: ఉక్కులోకి హైడ్రోజన్ ఎక్కింది ప్లేటింగ్ తొట్టిలోనా, సముద్రపు తుప్పులోనా?

గోపాల్‌పూర్ ఫిట్టర్:
బీచ్ దగ్గర ఒక పంపు బేస్‌కి 12.9 గ్రేడు (బాగా గట్టి రకం) అలెన్ బోల్టులు ఎనిమిది బిగించాను. బరంపురంలో జింక్ ప్లేటింగ్ చేయించినవే. మర్నాడు రాత్రి ఎవరూ ముట్టుకోకుండానే రెండింటి తలలు టప్‌మని ఊడాయి. ఐదు నెలలకి, గీతపడి తుప్పెక్కిన చోట ఇంకోటి. ఎక్కువ బిగించావని సూపర్‌వైజరు నా మీద పడుతున్నాడు. మీరేటంటారు?

కిమిడి లేత్ మిషన్:
రెంచికి పైపు తగిలించి తిప్పి ఉంటారు.

గోపాల్‌పూర్ ఫిట్టర్:
బిగింపు కొలిచే టార్క్ రెంచితోనే బాబూ.

ఛత్రపూర్ కెమిస్ట్రీ మాస్టారు:
ఎక్కువ బిగిస్తే సాధారణంగా చేతిలో ఉండగానే తెగుతుంది, తెగే చోట సాగి సన్నబడుతుంది. మర్నాడు తెగిందంటే నా అనుమానం హైడ్రోజన్ మీదే. ప్లేటింగుకి ముందు తుప్పు వదలడానికి యాసిడ్‌లో ముంచుతారు కదా. ఇనుము కరుగుతూ వదిలిన ఎలక్ట్రాన్‌ని హైడ్రోజన్ అయాన్ అందుకుని, ఉక్కు మీద ఒంటి పరమాణువుగా కూర్చుంటుంది. పక్కన జోడీ దొరికితే బుడగై పైకి పోతుంది. దొరకనివాటిలో కొన్ని లోపలికి దిగుతాయి. జంటగా ఉంటే దూరలేవు. ఒంటిగా ఉంటే ఇనుప పరమాణువుల సందుల్లోంచి మామూలు వేడిలోనే జారిపోతాయి. దారిలో ఉక్కులోని రేణువుల అంచులు, కార్బైడ్లు (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పలుకులు) పట్టి ఆపుతుంటాయి. లాగుడు ఎక్కువున్న చోటికి, అంటే తల కింది మూలకి, నెమ్మదిగా చేరి అక్కడ ఉక్కుని పెళుసు చేస్తాయి. ఆ ఆలస్యం అందుకే. యాసిడ్‌లో ముంచిన ఇనుము పెళుసవడం, కొంతకాలం వదిలేస్తే మళ్లీ సర్దుకోవడం 1875లోనే జాన్సన్ అనే ఆయన రాసిపెట్టాడు. మీ బోల్టులకి ఆ సర్దుబాటు కూడా లేదు, పైన జింక్ పొర మూతలా ఉంది.

బరంపురం మెకానికల్:
మొదటి రెండూ ఒప్పుకున్నాను మాస్టారూ. మూడోదాన్ని తొట్టి ఖాతాలో వేయకండి.

కిమిడి లేత్ మిషన్:
ఉప్పునీరు యాసిడ్ కాదు కదా, అక్కడ తుప్పు పట్టించేది ఆక్సిజన్. హైడ్రోజన్ ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది?

బరంపురం మెకానికల్:
పైపైన నిజమే. సన్నటి సందులో ఆక్సిజన్ అయిపోతుంది. కరిగిన ఇనుము నీటితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. సముద్రపు నీటి పీహెచ్ 8 చుట్టూ ఉన్నా సందులో 4కి దిగొచ్చు. ఇంకో తిరకాసు: గీత దగ్గర జింక్ తాను కరిగి ఉక్కుని కాపాడుతుంది, ఉక్కు కాథోడ్ (ఎలక్ట్రాన్లు వచ్చి చేరే వైపు) అవుతుంది. హైడ్రోజన్ పుట్టేది కాథోడ్ మీదే! అంత గట్టిది కాని 8.8 గ్రేడు బోల్టుకి దాదాపు ఫరవాలేదు. 12.9 అంత గట్టి ఉక్కు తట్టుకోలేదు.

ఛత్రపూర్ కెమిస్ట్రీ మాస్టారు:
తెగిన ముఖం చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, దాంతో తేలదు. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో గంటలకొద్దీ ఉంచారా అని అడగండి, ఎక్కిన హైడ్రోజన్‌ని వదిలించేది ఆ వేడే. వాడని బోల్టులు మిగిలి ఉంటే బిగించి 48 గంటలు వదిలేయండి, తుప్పు లేకుండానే తెగితే తప్పు తొట్టిదే.

గోపాల్‌పూర్ ఫిట్టర్:
అడిగాను. "ఓవెనేటి? ఎండలో ఆరబెట్టేం" అన్నాడు. వాడనివి నాలుగున్నాయి. ఆదివారం పొద్దున్న బిగించాను, మంగళవారం తెల్లారేసరికి ఒకదాని తల వాషరు పక్కన పడుంది. లెన్సులో చూస్తే పంచదార పలుకుల్లా తళతళా. సాగిన గుర్తే లేదు.

కిమిడి లేత్ మిషన్:
సరే, పైపు మాట వెనక్కి తీసుకున్నా. మూడోది మాత్రం తేలలేదు. ఆ తుప్పు ముక్క కడగకుండా ఫొటో పెట్టండి.