డార్క్ నైట్ రైజెస్‌లో బావి సీన్ తీసిన చోటు తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే అండి. వచ్చే నెల మేము, అన్నయ్యా వాళ్ళు కలిసి జోధ్‌పూర్ వెళ్తున్నాం. 2012లో వచ్చిన డార్క్ నైట్ రైజెస్, అదే డైరెక్టర్ నోలన్ తీసిన బ్యాట్‌మాన్ సినిమాల్లో మూడోది, చివరిది, అందులో బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మానే, నడుముకి తాడు లేకుండా దూకి ఆ జైలు బావిలోంచి పైకొస్తాడు కదా, బయటికి రాగానే వెనకాల దూరంగా కనపడేది జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోటే. లోపలి బావి మాత్రం ఇంగ్లండ్‌లో కార్డింగ్టన్ దగ్గర పెద్ద షెడ్డులో వేసిన సెట్ అంట. మరి ఆ బయటి నేల కోటకి ఏ వైపు వస్తుంది? ఆటోలో పోవచ్చా, నడవాలా? వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ సీన్‌లో గబ్బిలాలు ఒక్కసారిగా లేచినప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, అక్కడ ఒక్కసారి నిలబడాలని ఎప్పటినుంచో కోరిక.

ఇంకోటి, క్లైమాక్స్ గురించి. బ్రూస్ తన విమానంలో బాంబుని సముద్రం మీదికి తీసుకెళ్ళి పేలుడులో పోయాడని అందరూ అనుకున్నాక, ఫ్లోరెన్స్ కేఫ్‌లో అతని బట్లర్ ఆల్ఫ్రెడ్‌కి బ్రూస్ బతికి కనపడతాడు కదా, అది కల అని అన్నయ్య, కాదని నేను. ఆ విమానం ఆటోపైలట్‌ని బ్రూసే ఆరు నెలల ముందు బాగుచేశాడని అతని కంపెనీలో పనిచేసే ఫాక్స్‌కి తెలుస్తుంది, బ్రూస్ వాళ్ళ అమ్మ ముత్యాల హారం కూడా ఆస్తుల లిస్టులో ఉండి కనపడకుండా పోయింది, కలైతే ఇవన్నీ పెట్టడం ఎందుకు? కానీ బాంబు పేలే ముందు కూడా కాక్‌పిట్‌లో అతని ముఖం చూపిస్తారు, అన్నయ్య దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. మరి అతను ఎప్పుడు దిగిపోయుంటాడు, దీనికి ఏం చెప్పాలో మీరే చెప్పండి.