'ఛార్జింగ్ ఎక్కట్లేదు', 'ఛార్జింగ్ నిలవట్లేదు' రెండూ ఒకటేనా?

ప్రశ్న: కారు బ్యాటరీ సమస్యల మీద తెలుగులో ఓ చిన్న గైడ్ రాస్తున్నాను. షెడ్లో ఒకరు 'ఎక్కట్లేదు' అంటారు, ఇంకొకరు 'నిలవట్లేదు' అంటారు. అర్థం ఒకటేనా? 'ఆవేశితం కావడం లేదు' అని రాస్తే ఇంకా బాగుంటుందా?

జవాబు: ఒకటి కాదండీ, ఆ తేడా పట్టుకుంటే రిపేరు సగం అయినట్టే. ఆవేశితం ఫిజిక్స్ పుస్తకానికి సరిపోతుంది, బానెట్ ఎత్తి నిలబడ్డవాడికి వద్దు.

ఎక్కడం అంటే బయటినుంచి లోపలికి చేరడం, రక్తం ఎక్కించారు, సెలైన్ ఎక్కించారు అంటామే, అదే. కాబట్టి 'ఎక్కట్లేదు' అంటే ముందు చూడాల్సింది ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది), దాని బెల్టు, అక్కణ్ణుంచి బ్యాటరీకి వచ్చే వైర్లు, ఎర్త్ (బ్యాటరీ నుంచి కారు బాడీకి వెళ్లే వైరు). ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెడితే మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. అలా కాకుండా ఇంజిన్ ఆపినప్పటి 12 చిల్లరే ఉండి, హెడ్‌లైట్లు వేయగానే ఇంకా పడిపోతూ ఉంటే ఎక్కట్లేదన్నమాటే. కొత్త కార్లు కొన్నిటిలో కంప్యూటరే ఛార్జింగ్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, అందుకని ఒక్క రీడింగ్ చూసి తేల్చేయకండి.

'నిలవట్లేదు' అంటే ఎక్కింది, ఉండట్లేదు. ఫుల్ ఛార్జ్ చేసి, వైర్లు విప్పేసి కొన్ని గంటలు పక్కన పెడితే మంచి బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. విడిగా పెట్టినా పడిపోతోందంటే లోపం దానిలోనే.

మీరు అడగని మాట ఇంకోటుంది, 'దిగిపోతోంది'. అన్నీ బాగానే ఉంటాయి, పొద్దున్నే సెల్ఫ్ మాత్రం తిరగదు. డిక్కీ లైటు ఆరకపోవడమో, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమో రాత్రంతా కరెంటు తాగుతూ ఉంటుంది. ఇన్ని మాటలు చేతిలో పెట్టుకుని అన్నిటికీ 'బ్యాటరీ పోయింది' అనేస్తున్నాం, కొత్త బ్యాటరీ కొని వారం తిరక్కుండా మళ్లీ బండి తోయిస్తున్నాం. మీ గైడ్‌లో దయచేసి ఈ మాటలు విడివిడిగా రాయండి.

మరో సభ్యుడు: 'డైనమో' కూడా చేర్చండి. చాలా షెడ్లలో ఇప్పటికీ ఆల్టర్నేటర్‌ని డైనమో అనే అంటారు, అంబాసిడర్ కాలం నాటి అలవాటు. పేరుకి అభ్యంతరం లేదు, కానీ దాంతోపాటు వచ్చిన పాత పరీక్ష మాత్రం ప్రమాదం. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగలేదు కాబట్టి డైనమో బాగుందనేవారు. ఇప్పటి బండికి అలా చేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి ఆల్టర్నేటర్ డయోడ్లు, కారు కంప్యూటర్ కాలిపోవచ్చు. ఆ ముక్క గైడ్‌లో పెద్దక్షరాల్లో వేయండి.